జ్ఞానదంతాల ట్రయల్‌లో కొలతలు తీసుకునే తీరు

కడపలో జ్ఞానదంతం తొలగించిన వారికి ఇచ్చే మందులను పోల్చే ట్రయల్ (రోగులపై పరిశోధన) చేయదలచిన పీజీ విద్యార్థి ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి పొంది, తొలి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు చేయించాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి.

అసలు మెలకువంతా నోరు ఎంత తెరుచుకుంటుందో, నొప్పి ఎంతుందో కొలవడంలోనే ఉంది. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, నోరు వీలైనంత తెరవమని చెప్పి, పై, కింది ముందరి మధ్య పళ్ల అంచుల నడుమ దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో, శస్త్రచికిత్సకు ముందు, తరువాత 2వ, 7వ రోజుల్లో, ప్రతిసారీ అవే పళ్ల దగ్గర, ఒకే వ్యక్తి మిల్లీమీటర్లలో కొలవాలి. ఎవరికి ఏ మందు ఇచ్చారో ఆ వ్యక్తికి తెలియకూడదు. నొప్పి పదికి ఎంతని అడిగితే పల్లె పెద్దాయన "శానా ఉంది సామీ" అంటాడు. కాబట్టి మొదటినుంచీ అందరికీ నొప్పి స్థాయిని తెలిపే ముఖాల బొమ్మల పట్టీనే చూపడం మేలు. పులివెందుల రోగి 7వ రోజు రాకపోతే నమోదు పట్టికలో ఆ రోజు గడిని ఊహించి నింపకుండా, ఖాళీగా ఉంచి కారణం రాయాలి.