పేరు పెట్టకముందు వినడం

మన భాషలో ‘వినడం’ అనే మాట రెండు పనులు చేస్తుంది. ‘కోకిల కూత విన్నాను’ అంటే అది చెవిన పడిందని అర్థం. ‘మా వాడు మాట వినడు’ అంటే వాడికి చెవుడని కాదు, చెప్పినట్టు చేయడని అర్థం. ఈ రెండో అర్థం మన ఇళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఎదుటివారు తమ గోడు చెప్పుకోవడం మొదలుపెట్టగానే వినేవారికి తామిప్పుడు ఏదో ఒకటి చేయాలని, కనీసం ఒక సలహా అయినా ఇచ్చి తీరాలని తొందర పుడుతుంది. నేను చెప్పబోయేది ఈ రెండింటికీ చెందని వినికిడి గురించి. చెవిన పడినదానికి వెంటనే పేరు పెట్టకుండా, జవాబు వెతుక్కోకుండా, అది పూర్తయ్యేదాకా ఆగడమే ఇందులో నేర్చుకోవలసిన పని. ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు, సాధనతో పట్టుబడేది. విజయవాడ వంటి రొద గల ఊళ్లో కూడా పట్టుబడుతుందని నా అనుభవం.

సాధనను మనుషులతో కాక పక్షులతో, గాలితో, నీటితో మొదలుపెట్టమని చెబుతాను. కాకి మన జవాబు కోసం ఎదురుచూడదు కనుక, అక్కడ చెవికి కావలసినంత తీరిక దొరుకుతుంది.

డాబా మీద పది నిమిషాలు

తెల్లవారుజామున ఐదు గంటల ప్రాంతంలో, ఫోను ఇంట్లోనే వదిలి, డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చోండి. కళ్లు మూసుకోవడం తప్పనిసరి కాదు. మూస్తే కునుకు పట్టేవారు నేల మీద ఒకచోట చూపు నిలిపితే సరిపోతుంది. మొదట మీకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న శబ్దాన్ని పట్టుకోండి. అది మీ ఊపిరి కావచ్చు, చెవి పక్కన దోమ కావచ్చు. తరువాత అన్నిటికంటే దూరంగా ఉన్నదాన్ని వెతకండి. ఆ రెండూ దొరికాక మధ్యలో ఉన్నవి ఒక్కొక్కటిగా వాటంతటవే బయటపడతాయి: కింది వాటా వారి బిందెలో పడుతున్న పంపు నీరు, వీధిలో చీపురు, కొట్టు ముందు పాల ప్యాకెట్ల ట్రేలు దించుతున్న చప్పుడు.

విజయవాడలో ఆ వేళ అన్నిటికంటే దూరపు శబ్దం చాలామందికి రైలు కూతే అవుతుంది. అదే కూత మధ్యాహ్నం వినపడదు. పగటి రొదే దానికి కారణమనుకుంటాం కాని అది సగం కారణమే. రాత్రంతా నేల, నీరు చల్లబడి, వాటిని ఆనుకున్న గాలి చల్లగానూ, దాని పైగాలి కొంచెం వెచ్చగానూ ఉన్నప్పుడు, పైకి పోవలసిన శబ్దం వంగి మళ్లీ నేల వైపు దిగుతుంది. ఎండెక్కి నేల కాగాక ఆ అమరిక తలకిందులై, శబ్దం ఆకాశం వైపు వంగిపోతుంది. తెల్లవారుజామున కూర్చోమనడానికి భక్తి ఒక్కటే కారణం కానక్కరలేదు.

ఇక అసలు సాధన. కూత వినపడగానే మనసు ‘రైలు’ అంటుంది, అనగానే వినడం ఆపేస్తుంది. ఆ మాటను ఒక్క నిమిషం పక్కన పెట్టండి. కూత ఎంత స్థాయిలో మొదలైంది, ఏ దిక్కున పలచబడింది, అది ఆగాక పట్టాల మీద చక్రాల లయ ఎంతసేపు మిగిలింది అన్నవి గమనించండి. మొదటి నెలలో నేను ఒక్క కూతనూ చివరిదాకా వినలేకపోయాను. మధ్యలో ఎక్కడో ఆ రోజు కూర ఏమిటన్న ఆలోచన దూరేది. అలా జరిగినప్పుడు మనల్ని మనం తిట్టుకుంటూ కూర్చుంటే ఆ తిట్లే వినపడతాయి. ఆ క్షణాన ఏ శబ్దం ఉంటే దాని దగ్గరికి తిరిగి రావడం మేలు.

కెనడా సంగీతకర్త ఆర్. మరే షేఫర్ 1960ల చివరలో వాంకూవర్ దగ్గరి సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో ఒక బృందాన్ని కూర్చి, ఒక ప్రాంతపు శబ్దాలన్నిటినీ కలిపి పరిశీలించే పద్ధతికి పునాది వేశారు. ప్రతి చోటా ఎప్పుడూ మోగుతూ ఉండి, అందుకే ఎవరూ గమనించని శబ్దం ఒకటి అడుగున ఉంటుందని ఆయన చెప్పేవారు. కచేరీలో తంబురా శ్రుతి ఎలాంటిదో ఇది అలాంటిది. మన ఇళ్లకు శ్రుతి వేసేవి ఫ్యాను, ఫ్రిజ్, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలతో నడుస్తుంది కనుక, ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపుగా, సెకనుకు 100 కంపనాలతో హోరుమంటుంది. ఈ శ్రుతిని పట్టుకోవడానికి మనకు చక్కని సాధనం ఉంది, అది కరెంటు పోవడం. వేసవి రాత్రి కరెంటు పోయిన మొదటి నిమిషంలో, విసనకర్ర వెతుక్కునే లోపు, కదలకుండా కూర్చోండి. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాక, ఇంతసేపూ దాని చాటున ఉన్న కీచురాళ్లు, పక్కింటి మాటలు, కొబ్బరాకుల గలగల వినవస్తాయి. ఇన్వర్టర్లు వచ్చాక ఈ అవకాశం తగ్గింది. ఇది ఫిర్యాదు కాదు, రోహిణి కార్తెలో ఇన్వర్టరే నాకూ ముద్దు.

ఇల్లు దాటాక

డాబా మీద పది నిమిషాలు కుదిరాక వారానికొకరోజు కృష్ణ ఒడ్డుకు వెళ్లండి. ప్రకాశం బ్యారేజీ దాటి సీతానగరం వైపు పోతే ఊరి రొద కొంత వెనకబడుతుంది. బ్యారేజీ పొడవు దాదాపు 1,223 మీటర్లు, శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అందుకని దీపావళి రాత్రి అవతలి గట్టున పేలిన తారాజువ్వ వెలుగు కనబడ్డాక, దాని చప్పుడు ఇవతలికి రావడానికి మూడున్నర సెకన్లు పడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుందనడం కూడా ఈ లెక్కే. ఆ ఖాళీ సెకన్లలో చెవి పూర్తిగా మేలుకుని ఉంటుంది. మనం సాధించవలసిన స్థితి అదే. వరద రోజుల్లో గేట్లు ఎత్తినప్పుడు మాత్రం ఒడ్డుకు దిగే ఆలోచన పెట్టుకోకండి.

పక్షుల దగ్గర పేరు పెట్టే తొందర ఎంత చేటో తీతువు పిట్ట నాకు నేర్పింది. తీతువు అరిస్తే కీడని మా ఇంట్లో చిన్నప్పటినుంచీ విన్నాను కనుక, ఆ అరుపు వినగానే నాకు వెన్ను జలదరించేది. ఒకరోజు నది ఒడ్డు మైదానంలో ఆ మాట పక్కన పెట్టి అలాగే నిలబడి విన్నాను. నేను రెండడుగులు ముందుకు వేస్తే అరుపు దగ్గరపడి వేగం పుంజుకుంది; వెనక్కి వేస్తే నెమ్మదించింది. తీతువు చెట్టు మీద కాక ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది, గులకరాళ్లలో కలిసిపోయే ఆ గుడ్ల వైపు ఎవరు వచ్చినా తల మీద తిరుగుతూ అరుస్తుంది. కీడు దానికి నా వల్ల పొంచి ఉంది, నాకు దాని వల్ల కాదు. కోకిల విషయంలోనూ ఇంతే. కవులు ఆడపేరు పెట్టిన ఆ ‘కుహూ’ మగపక్షిది. ఆడకోకిల ‘కిక్ కిక్’మని గబగబా అరిచే అరుపును మనం వేరే పిట్టదనుకుని వదిలేస్తుంటాం.

గుంటూరు వారికి ఉప్పలపాడు చెరువు దగ్గర. చలికాలంలో అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెరువులోని చెట్ల మీద గూళ్లు కడతాయి. దూరం నుంచి ఒకే గోలగా వినపడుతుంది కాని, అరగంట మాట్లాడకుండా వింటే ఆ గోలలో ఎక్కువ భాగం తిండికోసం పిల్లలు చేసేదని తెలుస్తుంది. పెద్ద కొంగలకు గొంతు దాదాపు లేనట్టే. గూటి దగ్గర అవి ముక్కులు టకటకా కొట్టుకుంటాయి. వెళ్లేటప్పుడు ఒకరికంటే ఎక్కువ మంది ఉంటే, తిరిగి బండి ఎక్కేదాకా ఎవరూ మాట్లాడకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. ‘అదుగో చూడు’ అన్న ఒక్క మాటకు అందరి చెవులూ మూతబడతాయి.

ఊఁ కొట్టడం

మనుషులను వినడానికి మనకు ఒక పాత పాఠశాల ఉంది. రాత్రిపూట కథ చెప్పే పెద్దవాళ్లు ‘ఊఁ కొట్టు, లేకపోతే చెప్పను’ అనేవారు. ఆ ఊఁ అంగీకారం కాదు, ప్రశంస కాదు, ప్రశ్న కాదు. ‘ఇక్కడే ఉన్నాను, తరువాత చెప్పు’ అని మాత్రమే. పెద్దయ్యాక మనం ఈ ఊఁను పోగొట్టుకుని, దాని స్థానంలో ‘నాకూ అలాగే జరిగింది’ అన్న మాటను పెట్టుకున్నాం.

ఇందుకు మన తప్పు కొంత, సంభాషణ తీరు కొంత కారణం. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో వెలువడిన ఒక పరిశోధన, ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో ఐదో వంతు అని తేల్చింది. ఒక్క పదం తలచుకుని పలకడానికే అంతకు రెండు మూడు రెట్లు సమయం కావాలి. అంటే ఎదుటివారి వాక్యం పూర్తి కాకముందే మనం మన జవాబు కూర్చుకోవడం మొదలుపెడుతున్నామన్నమాట, వారి చివరి మాటలు ఆ కూర్పు సందడిలో పోతాయి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. వెళ్లారో, వెళ్లలేదో, వెళ్లాలనుకుని ఆగిపోయారో తేలేది ఆ చివరి మాటలోనే. కాబట్టి మొదటి సాధన ఇది: అవతలివారు ఆపాక రెండు ఊపిర్లు తీసుకుని అప్పుడు మాట్లాడండి. ఆ రెండు ఊపిర్ల వ్యవధిలో చాలాసార్లు వారే మళ్లీ మొదలుపెడతారు, అసలు విషయం అప్పుడే బయటికి వస్తుంది.

నేను చెడగొట్టుకున్న ఒక సందర్భం చెబుతాను. గుంటూరులో ఉండే మా పిన్ని ఒక వేసవిలో ఫోను చేసి, ‘ఈ ఏడు ఆవకాయ పెట్టలేదే, అమ్మాయ్’ అంది. నేను వెంటనే, ‘ఇప్పుడు ఎవరు పెడుతున్నారు పిన్నీ, బయట మంచిదే దొరుకుతోంది’ అని ఏ కొట్లో బాగుంటుందో కూడా చెప్పాను. ‘సరేలే’ అని పెట్టేసింది. నెల తరువాత వెళ్తే, ఆమె కుడి చేయి భుజం దాటి లేవడం లేదు. జాడీ దించలేకే ఆవకాయ పెట్టలేదు, అప్పటికి రెండు నెలలుగా ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పడానికే ఫోను చేసింది. నేను ‘పెట్టలేదా?’ అని ఊరుకుని ఉంటే చాలు, మిగిలింది తనే చెప్పేది.

అప్పటినుంచి నేను ‘లే’ అన్న అక్షరానికి చెవి ఒగ్గుతున్నాను. ‘సరే’కూ ‘సరేలే’కూ, ‘ఏం లేదు’కూ ‘ఏం లేదులే’కూ మధ్య చాలా దూరం ఉంది. ‘లే’ పడిందంటే చెప్పవలసింది మిగిలి ఉండగానే మనిషి తలుపు దగ్గరికి వేసుకున్నట్టు. అక్కడ ‘ఏమైంది, చెప్పు, చెప్పు’ అని తోస్తే గడియ పడుతుంది. వెళ్లిపోకుండా కూర్చోవడం, కాస్త ఆగి ‘ఊఁ’ అనడం మేలు.

అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1950లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో, విన్నదాన్ని మన మాటల్లో తిరిగి చెప్పి సరిగా అర్థమైందో లేదో చూసుకోవడం ముఖ్యమైన భాగం. పద్ధతి మంచిదే కాని, మన ఇళ్లలో దాన్ని పుస్తకంలో ఉన్నట్టు వాడితే వెక్కిరింపులా వినపడుతుంది. ‘నీకు బాధగా ఉందని నువ్వు చెబుతున్నావు’ అని మా అత్తగారితో అంటే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. వారి ఆఖరి మాటనే ప్రశ్నగా తిరిగి పలకడం మనకు సహజంగా ఉంటుంది. అది కూడా ఒక సంభాషణలో రెండుసార్లకు మించకూడదు.

ఎదుటివారు ప్రాణం తీసుకోవాలన్నంత మాట అంటే మాత్రం ఊఁ కొట్టి సరిపెట్టకూడదు. వారిని ఒంటరిగా వదలకుండా, కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు మీరే కలిపి ఇవ్వండి.

ఇంట్లో పెద్దవారు ‘ఏంటీ?’ అని పదేపదే అడుగుతుంటే అది పరధ్యానం కాకపోవచ్చు. వయసుతో మొదట తగ్గేది సన్నని శబ్దాల వినికిడి. ‘స’, ‘త’, ‘క’ వంటి హల్లులు జారిపోయి అచ్చులు మిగులుతాయి. అందుకే గొంతు వినపడుతోంది కాని మాట తెలియడం లేదంటారు. అరిస్తే అచ్చులే మరింత పెద్దవవుతాయి. టీవీ ఆపి, మీ ముఖం మీద వెలుతురు పడేలా వారికి ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా మాట్లాడండి, చెవుల డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి.

పడుకునే ముందు ఒక పుస్తకంలో రెండు వాక్యాలు రాసుకోవడం అలవాటు చేసుకోండి. ఒకటి, ఆ రోజు విని పేరు తెలియని శబ్దం. రెండు, ఎవరైనా అంటే మీరు జవాబు చెప్పకుండా ఆగిన మాట. నా పుస్తకంలో నిన్నటి పేజీ ఇది: ‘ఉదయం 5.20, వాటర్ ట్యాంకు వెనుక, రెండు పొట్టి కూతలు, ఒక పొడవు కూత, మళ్లీ రాలేదు. సాయంత్రం, లిఫ్టు దగ్గర వాచ్‌మన్, ఊరి నుంచి ఎప్పుడొచ్చావంటే, నిన్ననేలెండి అన్నాడు.’