పెళ్లి ఫొటోగ్రఫీ – 3వ పాఠం: ఏది కొనాలి, ఏది అద్దెకు తేవాలి

కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లు చేతిలో ఉన్నదంతా ఒక ఖరీదైన బాడీ (లెన్స్ లేని కెమెరా) మీద పెట్టేస్తారు. పెళ్లి పనికి ఆ లెక్క పనికిరాదు. జీలకర్ర–బెల్లం పెట్టేది ఒక్కసారే. ఆ నిమిషంలో కెమెరా మొరాయిస్తే పంతులుగారు ముహూర్తాన్ని ఆపరు. కాబట్టి ఒకే రకం మౌంట్ (లెన్స్ బిగించే చోటు) ఉన్న మామూలు బాడీలు రెండు కొనండి, సెకండ్‌హ్యాండ్‌వైనా ఫరవాలేదు. తెరకు ఒకవైపు మీరు, రెండోవైపు అసిస్టెంట్ నిలబడటానికి కూడా రెండు ఉండాల్సిందే. కనీసం ఒకదానికి రెండు కార్డు స్లాట్లు ఉండేలా చూసుకుని, రెండో స్లాటును మెనూలో ‘ఓవర్‌ఫ్లో’ నుంచి ‘బ్యాకప్’కు మార్చండి, అప్పుడు ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది. పాత బాడీ కొనేటప్పుడు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో) అడగండి. ఎఫ్ 16లో (లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి) తెల్ల గోడను తీసి జూమ్ చేస్తే సెన్సార్ మీది మరకలు బయటపడతాయి.

లెన్సుల్లో 24–70 ఎంఎం ఎఫ్ 2.8 జూమ్ ఒక్కటి ముప్పావు వంతు పని చేసిపెడుతుంది. దానికి తోడు 85 ఎఫ్ 1.8 చాలు. 70–200 తొందరపడి కొనకండి, అద్దెకు దొరుకుతుంది.

అసలు కష్టం వెలుతురుతో. ఫ్లాష్‌ను పైకి తిప్పి బౌన్స్ (వెలుతురు పైకప్పుకు తగిలి కిందికి వచ్చేలా) చేయమని అందరూ చెబుతారు. కానీ మండపం పైన ఎర్ర బట్టో పసుపు బట్టో కట్టి ఉంటే ఆ రంగంతా పెళ్లికూతురి ముఖం మీదికి దిగుతుంది, ఎడిటింగ్‌లోనూ సరిగా పోదు. కెమెరా మీది ఫ్లాష్ నేరుగా కొడితే హోమం పొగ తెల్లటి పొరలా ముందుకొస్తుంది. అందుకే రెండు ఫ్లాష్‌లు, ఒక ట్రిగ్గర్ (దూరంగా ఉన్న ఫ్లాష్‌ను వెలిగించేది), ఒక గొడుగు (వెలుతురును మెత్తగా పరిచేది), ఒక స్టాండ్ కొనండి. స్టాండును జంటకు 45 డిగ్రీల పక్కన, తల కంటే ఎత్తులో పెట్టి, కాళ్ల దగ్గర ఇసుక సంచి వేయండి. అక్షింతలు వేయడానికి వచ్చే జనం దాన్ని తన్నుకుంటూనే వెళ్తారు. తలంబ్రాల దగ్గర ఫ్లాష్‌ను ఫుల్ పవర్‌లో పెడితే రెండో ఫొటోకే వెలగదు, ఛార్జ్ కావడానికి సమయం పడుతుంది. పావు పవర్‌కు దించి, ఐఎస్ఓను (వెలుతురుకు సెన్సార్ సున్నితత్వం) 1600కు పెంచండి. అక్కడ లెన్స్ మాత్రం మార్చవద్దు. పసుపు పొడి, థర్మోకోల్ పూసలు నేరుగా సెన్సార్ మీదికే వెళ్తాయి.

కార్డుల లెక్క: 24 మెగాపిక్సెల్ రా ఫైలు (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు) సుమారు 25–30 ఎంబీ, అంటే 64 జీబీలో రెండు వేలకు పైగా ఫొటోలు. ఒక 128 కన్నా రెండు 64లు నయం, ఒకటి పాడైనా సగం పెళ్లి మిగులుతుంది. ఇంటికి రాగానే రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, తెరిచి చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయండి.

ఇక అద్దె. మంచి ముహూర్తం ఉన్న రోజు ఊరంతా పెళ్లిళ్లే, షాపులో ఒక్క లెన్సూ మిగలదు. అడ్వాన్స్ చేతికందిన రోజే బుక్ చేయండి. తీసుకునేటప్పుడు టార్చ్ వేసి ముందు, వెనుక అద్దాలు చూసి, ఉన్న గీతలను షాపువాళ్ల ముందే ఫోన్లో ఫొటో తీసుకోండి. లేకపోతే అవి మీ డిపాజిట్‌లోంచి పోతాయి. సొంత కెమెరాలను సర్వీసుకు ఇవ్వడానికి ఆషాఢమే మంచి సమయం. డ్రోన్ కావాలంటే ఆపరేటర్‌తో సహా మాట్లాడుకోండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేసేవాళ్లకు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అడిగి చూడండి.

ఆల్బమ్ డిజైన్ బయటికి ఇచ్చినా కొలతలు మీకు తెలిసి ఉండాలి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 10800×3600 పిక్సెళ్లు. ముఖాలు మధ్య మడతలో పడితే ముక్కు విరుగుతుంది, డిజైనర్‌కు ముందే చెప్పండి. కొత్త ల్యాబ్ అయితే ముందు ఒక షీటే వేయించి, చర్మం రంగు చూశాక మిగతాది పంపండి.

ఈ వారం అభ్యాసం: రాత్రి ఎల్‌ఈడీ బల్బు కింద, ఫ్లాష్ లేకుండా, ఒకే గోడను 1/50, 1/100, 1/160, 1/500 సెకను షట్టర్ వేగాల్లో పదేసి ఫొటోలు తీయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. అందుకే మొదటి రెండు వేగాలు శుభ్రంగా ఉండి, మిగతావాటిలో చారలో, ఫొటోకీ ఫొటోకీ వెలుతురు తేడాలో కనిపించవచ్చు. అదే పరీక్షను, తెర కదలకుండా సెన్సారే తీసే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో మళ్లీ చేసి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి.