ఇంటి సబ్బు కుదరనప్పుడు: నూనెల పాళ్లలో దోషాన్ని పట్టుకోవడం

సబ్బు చెడిపోతే కొత్తగా నేర్చుకునేవారు ముందుగా సువాసన నూనెనో, రంగునో, కలిపిన తీరునో అనుమానిస్తారు. నా అనుభవంలో తప్పు చాలాసార్లు అంతకంటే ముందే, అంటే తూకంలోనో నూనెల పాళ్లలోనో, జరిగిపోయి ఉంటుంది. పోల్చి చూసుకోవడానికి ఒక పాళ్ల లెక్కను దగ్గర పెట్టుకుందాం. కొబ్బరినూనె 150 గ్రాములు, పామాయిల్ 150, వేరుశనగ నూనె 150, ఆముదం 50, మొత్తం 500 గ్రాములు. ఒక్కో గ్రాము నూనె సబ్బుగా మారడానికి కొబ్బరినూనెకు 0.183, పామాయిల్‌కు 0.142, వేరుశనగ నూనెకు 0.137, ఆముదానికి 0.128 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. ఈ లెక్కన మొత్తం 75.7 గ్రాములు అవుతుంది. అందులో 5 శాతం తగ్గించి 72 గ్రాములే వేస్తే కొంత నూనె సబ్బుగా మారకుండా చర్మానికి మెత్తదనంగా మిగులుతుంది. దీనినే సూపర్‌ఫ్యాట్ అంటారు. నీళ్లు సోడాకు రెట్టింపు, అంటే 144 గ్రాములు చాలు. ఎప్పుడూ నీళ్లలోనే సోడా వేయాలి గాని సోడా మీద నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక స్టీలు గిన్నెలే వాడాలి.

సబ్బు చర్మాన్ని మండిస్తోంది, లేదా పొడిబారేలా చేస్తోంది

ఈ రెండూ ఒకేలా కనిపించినా కారణాలు వేరు. తడి వేలితో సబ్బును రుద్ది, ఆ నురగను నాలుక చివరకు తాకించి వెంటనే కడిగేసుకోండి. బ్యాటరీ మొనలను నాలుకకు తాకించినట్టు జివ్వుమంటే సోడా ఎక్కువైందని అర్థం. సబ్బు రుచి తప్ప మరేమీ లేకపోతే దోషం నూనెల ఎంపికలో ఉంది.

సోడా ఎక్కువ కావడానికి నేను చూసిన కారణాలలో మొదటిది లీటరును కిలోగా భావించడం. నేనూ మొదట్లో ఈ పొరపాటు చేసినవాడినే. నూనె నీటికంటే తేలిక. లీటరు ప్యాకెట్ మీద చిన్న అక్షరాలలో 910 గ్రాములు అని ఉంటుంది. కిలో నూనెకు 5 శాతం తగ్గించి లెక్కగట్టిన సోడాను ఈ 910 గ్రాములలో కలిపితే, నూనె మిగలడం మాట అటుంచి, కావలసినదానికంటే 4 శాతం పైగా సోడాయే మిగిలిపోతుంది. దీనికి విరుగుడు సులభమే. సబ్బును తురిమి, కొద్దిగా నీళ్లు చిలకరించి, సన్నని సెగ మీద కరిగించి, తక్కువైన 90 గ్రాముల నూనెను అందులో కలిపి, నాలుక పరీక్షలో జివ్వుమనడం ఆగేదాకా ఉడికించి మళ్లీ అచ్చులో పోయాలి.

రెండో కారణం ఏ నూనెకు ఎంత సోడా కావాలో తేల్చుకునే పట్టికను తప్పుగా చదవడం. కొబ్బరినూనె సపోనిఫికేషన్ (నూనె సబ్బుగా మారడం) విలువ 257 అని ఉంటే అది గ్రాము నూనెకు కావలసిన కాస్టిక్ పొటాష్ (సోడా లాంటి మరో క్షారం) మిల్లీగ్రాముల లెక్క. దానిని 0.713తో గుణిస్తేనే కాస్టిక్ సోడా లెక్క, అంటే 183, వస్తుంది. గుణించడం మరిచి 257నే తీసుకుంటే సోడా 40 శాతం ఎక్కువవుతుంది. అలాంటి సబ్బును బాగుచేయాలని చూడవద్దు, పారవేయడమే మేలు.

నాలుక జివ్వుమనకపోయినా స్నానం తరువాత చర్మం బిగుసుకుపోతుంటే కొబ్బరినూనె ఎంత శాతం ఉందో చూసుకోండి. కొబ్బరినూనెలో దాదాపు మూడింట రెండు వంతులు లారిక్, మిరిస్టిక్ ఆమ్లాలే. విస్తారంగా నురగ వచ్చేదీ, చర్మం మీది సహజమైన జిడ్డును కూడా ఊడ్చేసేదీ వీటివల్లనే. ఒంటి సబ్బులో ఇది 30 శాతం దాటకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం. కోనసీమలోలా ఇంట్లో కొబ్బరినూనె సమృద్ధిగా ఉండి, అచ్చంగా దానితోనే చేయాలనుకునేవారు సోడాను 5 శాతం కాదు, 20 శాతం తగ్గించాలి. 500 గ్రాముల నూనెకు 91.5 బదులు 73 గ్రాములు వేస్తే సబ్బు గట్టిగానే ఉంటుంది, చర్మాన్ని పొడిబార్చదు. ఇప్పటికే తయారైపోయిన ఘాటు సబ్బులు బట్టలు ఉతకడానికి చక్కగా పనికివస్తాయి.

మూడు వారాలైనా వేలు నొక్కితే గుంట పడుతోంది

గది ఉష్ణోగ్రతలో ద్రవంగా ఉండే నూనెలు ఎక్కువైతే ఇలా జరుగుతుంది. వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు నూనెలతోనే చేసిన సబ్బు మెత్తగా ఉండి త్వరగా అరిగిపోతుంది. గట్టిదనాన్ని ఇచ్చేవి పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు. పామాయిల్‌లో పామిటిక్ ఆమ్లమే 40 శాతానికి పైగా ఉంటుంది. పామాయిల్ ఇష్టం లేనివారు ఇప్పనూనె దొరికితే వాడవచ్చు. అయితే నూనె మారిన ప్రతిసారీ సోడాను మొదటినుంచి లెక్కించుకోవాలి. ఆముదం నురగను నిలబెడుతుంది కాని 10 శాతం దాటితే సబ్బు చేతికి అంటుకుంటుంది.

పాళ్లు సరిగానే ఉన్నాయనుకుంటే సోడా డబ్బాను చూడండి. మూత సరిగా పెట్టని కాస్టిక్ సోడా గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని బలం కోల్పోతుంది. పలుకులు గడ్డకట్టి ఉంటే కొత్తది కొనడమే మంచిది. తయారైన మెత్తటి సబ్బును మాత్రం తొందరపడి పారవేయకండి. గాలి ఆడే చోట మరో నాలుగు వారాలు ఉంచితే చాలావరకు గట్టిపడుతుంది.

నారింజ రంగు మచ్చలు, కనరు వాసన

ఇది నూనె పాడవుతున్న గుర్తు. పొద్దుతిరుగుడు నూనెలో సాధారణంగా 60 శాతం వరకు ఉండే లినోలిక్ ఆమ్లం గాలి తగిలితే త్వరగా చెడుతుంది కనుక ఆ నూనెను 15 శాతం దాటనివ్వకూడదు. వేపుళ్లు చేయగా మిగిలిన నూనె ఇప్పటికే సగం చెడి ఉంటుంది, అది ఒంటి సబ్బుకు తగదు. నీళ్లలోని ఇనుము, రాగి వంటి లోహాల జాడలు కూడా ఈ చెడును త్వరపెడతాయి. అందుకే బోరునీళ్లకు బదులు డిస్టిల్డ్ వాటర్ వాడాలి. కోస్తా ఉక్కపోతలో, అచ్చ కొబ్బరినూనె సబ్బుకు తప్ప, సూపర్‌ఫ్యాట్‌ను 5 శాతం దగ్గరే ఆపడం మంచిది. మచ్చలు వచ్చిన చోట చెక్కేసి మిగిలినదాన్ని త్వరగా వాడేయవచ్చు, కాని పోయిన వాసనను తిరిగి తేలేము.

నురగ రావడం లేదు

పాళ్లు మార్చేముందు అదే సబ్బును ఫిల్టర్ నీళ్లలోనో వాననీళ్లలోనో రుద్ది చూడండి. అక్కడ నురగ వస్తే తప్పు సబ్బుది కాదు, బోరునీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలది. అవి సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. తరువాతి విడతలో 500 గ్రాముల నూనెకు 10 గ్రాముల నిమ్మ ఉప్పును నీళ్లలో ముందుగా కరిగిస్తే ఈ తెట్టు తగ్గుతుంది. నిమ్మ ఉప్పు కొంత సోడాను మింగేస్తుంది కనుక దాని కోసం మరో 6 గ్రాముల సోడా అదనంగా వేయాలి. మంచినీళ్లలోనూ నురగ రాకపోతే కొబ్బరినూనె 15 శాతానికి తక్కువగా ఉందేమో, ఆముదం అసలు లేదేమో చూసుకోవాలి.

అచ్చులో నూనె పైకి తేలింది

చలికాలంలో పామాయిల్, కొబ్బరినూనె పేరుకుపోయి మిశ్రమం చిక్కబడినట్టు భ్రమ కలిగిస్తాయి. సుమారు 24 డిగ్రీల దిగువన కొబ్బరినూనె గడ్డకడుతుంది. నూనెలను పూర్తిగా కరిగించాకే సోడా నీళ్లు కలపాలి. విడిపోయినదాన్ని గిన్నెలోకి తీసి, గోరువెచ్చగా చేసి, హ్యాండ్ బ్లెండర్‌తో మళ్లీ చిక్కబడేదాకా తిప్పితే చాలాసార్లు కలుస్తుంది. ఎంత తిప్పినా నూనె విడిపోతూనే ఉంటే కొన్న సీసా వెనుక చదవండి. తలనూనెగా అమ్మే కొన్నింటిలో మినరల్ ఆయిల్ లేదా లిక్విడ్ పారాఫిన్ ఉంటుంది. అది పెట్రోలియం నుంచి వచ్చినది కావడం వల్ల ఎంత సోడా పోసినా సబ్బుగా మారదు.