సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు గాడి తప్పితే: లక్షణం, కారణం, పరిష్కారం

మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులోని ధర్మాబాద్, దెగ్లూర్, బిలోలీ వంటి పట్టణాల్లో అడ్తి దుకాణాలకు (రైతుల పంటను కమిషన్ మీద అమ్మిపెట్టేవాటికి) బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే చిన్న బృందాలకు తరచూ ఎదురయ్యే ఇబ్బందులివి. పని చిక్కుబడగానే చాలామంది మోడల్ (ప్రాజెక్టును నడిపే పద్ధతి) మారుద్దామంటారు. అంతకంటే ముందు, రాసిన కోడ్ దుకాణంలోని గుమాస్తా చేతికి ఎన్నాళ్లకు చేరుతోందో చూడటం మేలు.

సమస్య: అంతా పూర్తిచేసి అప్పగించిన రోజున దుకాణదారు “మేం అడిగింది ఇది కాదు” అంటాడు.

కారణం: అవసరాలన్నీ మొదటే రాసుకొని, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ ఒకదాని వెనుక ఒకటిగా నడిపే వాటర్‌ఫాల్ పద్ధతిలో వాడేవారి మాట చివరికి గానీ చెవిన పడదు. 1970లో ఇలాంటి వరుస క్రమాన్ని బొమ్మగా గీసిన విన్‌స్టన్ రాయిస్, టెస్టింగ్ చివర్లో వస్తుంది కనుక ఇలా నడపడం ప్రమాదకరమని ఆ వ్యాసంలోనే హెచ్చరించాడు. జనం హెచ్చరికను వదిలేసి బొమ్మను పట్టుకున్నారు. తక్‌పట్టీలో, అంటే రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీలో, హమాలీ కూలి కోత సంగతే చూడండి. ఒక దుకాణంలో దాన్ని బస్తాకు ఇంతని తీస్తారు, పక్క దుకాణంలో క్వింటాలుకు ఇంతని తీస్తారు. ఫోన్లో అడిగితే యజమాని “హమాలీ తీసెయ్యాలి” అని మాత్రమే చెబుతాడు, ఎందుకంటే అందులో రెండు పద్ధతులున్నాయని చెప్పవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. మనం క్వింటాలు లెక్కే కోడ్‌లో రాసేస్తే, మొదటి దుకాణంలో ప్రతి పట్టీ తేడాగా వస్తుంది.

పరిష్కారం: మొదటి రెండు వారాల్లో ఒక్క తక్‌పట్టీనే తూకం నుంచి ధర, కోతలు, రైతుకు దక్కే నికర మొత్తం, ప్రింటు వరకు పూర్తిగా నడిపించండి. గుమాస్తా పక్కన కూర్చొని, గత వారం చేత్తో రాసిన పట్టీలనే కంప్యూటర్లో ఎక్కించి మొత్తాలు సరిపోల్చండి. ఎక్కడ తేడా వస్తే అదే తర్వాతి పని. బారీ బోమ్ 1986లో ప్రతిపాదించిన స్పైరల్ మోడల్ సారాంశం కూడా, ఎక్కువ ప్రమాదమున్న భాగాన్ని ముందుగా తేల్చుకోవాలనేదే. ఇక్కడ ప్రమాదం లాగిన్ తెరలో లేదు, కోతల లెక్కలోనూ మరాఠీ, తెలుగు అక్షరాలు రెండూ ఒకే కాగితం మీద సరిగా పడటంలోనూ ఉంది. అలాగని వాటర్‌ఫాల్ ఎప్పుడూ తప్పని కాదు. పాత ఖాతాలను కొత్త కంప్యూటర్లోకి తరలించడం వంటి, ఆనుపానులన్నీ ముందే తెలిసిన పనికి అదే తేలిక. ఏ పద్ధతిలో చేసినా, మిర్చి సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు మాత్రం దుకాణంలో కొత్త వెర్షన్ పెట్టకండి.

సమస్య: స్క్రమ్ (పనిని చిన్న విడతలుగా ముగించే పద్ధతి) ప్రకారం రోజూ సమావేశం జరుగుతోంది, అయినా ఏదీ పూర్తికాదు.

కారణం: ఒక్కొక్కరి చేతిలో మూడు నాలుగు పనులు సగంలో ఉంటాయి, గడువు దగ్గరపడితే స్ప్రింట్‌నే, అంటే ఆ పని విడతనే, పొడిగిస్తారు. స్క్రమ్ గైడ్ ప్రకారం స్ప్రింట్ నెలకు మించని స్థిరమైన కాలం. దాన్ని సాగదీస్తే మిగిలేది సమావేశమే.

పరిష్కారం: స్ప్రింట్ గడువును కదపకుండా పనినే తగ్గించండి. చేతిలో ఉన్నది ముగించకుండా కొత్తది తీసుకోరాదన్న నియమం పెట్టండి. “పూర్తయింది” అంటే ఏమిటో గోడ మీద రాయండి: మరొకరు కోడ్ చూశారు, పరీక్షలు నెగ్గింది, దుకాణంలోని ప్రింటర్ మీదే పట్టీ వచ్చింది.

సమస్య: సరిదిద్దిన తప్పు నెల తిరగకుండా మళ్లీ వస్తుంది.

కారణం, పరిష్కారం: దుకాణానికొక కోడ్ కాపీ పెన్‌డ్రైవ్‌లో తిరుగుతూ ఉంటే ఒకచోట దిద్దింది మరోచోటికి చేరదు. కోడ్‌లో జరిగే ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్‌లో ఒకే కోడ్ ఉంచి, దుకాణాల మధ్య తేడాలను సెట్టింగుల్లోకి మార్చండి. దొరికిన ప్రతి తప్పుకూ ఒక పరీక్ష రాయండి.

సమస్య: ఆలస్యమైందని మనుషులను చేర్చితే ఇంకా ఆలస్యమైంది.

ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పిన సంగతి ఇది. కొత్తవారికి నేర్పే భారం పాతవారి మీదే పడుతుంది, మాట్లాడుకోవలసిన జంటలూ పెరుగుతాయి. మనుషులను పెంచే బదులు, ఈ విడతలో ఇవ్వవలసిన వాటిని తగ్గించండి.

సమస్య: పెద్ద స్థాయి సర్టిఫికెట్ ఉన్న సంస్థకు పని అప్పగించినా నాణ్యత లేదు.

కారణం: కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వాట్స్ హంఫ్రీ ఆలోచనల మీద రూపొంది, 1991లో వెలువడిన సీఎంఎం నమూనాకు వారసురాలే నేటి సీఎంఎంఐ. సంస్థ పని పద్ధతులు ఎంత పరిణతి చెందాయో ఐదు స్థాయిల్లో చెప్పే ఈ నమూనా ప్రకారమే ఆ సర్టిఫికెట్ వస్తుంది. అందులో మొదటి స్థాయిలో పని ఒకరిద్దరి ప్రతిభ మీద నడుస్తుంది, ఆ మనిషి పెళ్లికి ఊరెళితే ఆగిపోతుంది. రెండవ స్థాయిలో ప్రతి ప్రాజెక్టుకూ ప్రణాళిక, మార్పుల మీద అదుపు ఉంటాయి. మూడవ స్థాయిలో సంస్థ అంతటికీ ఒకే పద్ధతి, నాలుగులో అంకెలతో నియంత్రణ, ఐదులో నిరంతర మెరుగుదల. అయితే స్థాయి దక్కేది మదింపుకు లోనైన విభాగపు పద్ధతులకు, అది చేసే ప్రతి సరుకుకూ కాదు. మదింపుకు ముందు పది రోజులు కూర్చొని నింపిన ఫైళ్లు ఆ పద్ధతులు నిజంగా నడుస్తున్నాయనడానికి సాక్ష్యం కావు.

పరిష్కారం: సర్టిఫికెట్ చూపిన సంస్థను, మదింపు ఏ విభాగానికి జరిగింది, మన పని చేసేది ఆ విభాగమేనా అని అడగండి, నడుస్తున్న ప్రాజెక్టులో గత నెల మార్పుల చిట్టా చూపమనండి. ఐదారుగురి బృందమైతే సర్టిఫికెట్ వెంట పడకుండా రెండవ స్థాయి అలవాట్లు చేసుకుంటే చాలు. కొలత మొదలుపెట్టదలిస్తే రెండు అంకెలు రాసుకోండి: నెలకు దుకాణాల నుంచి ఎన్ని తప్పులు తిరిగొచ్చాయి, అడిగిన మార్పు గుమాస్తా చేతికి ఎన్ని రోజులకు చేరింది.