యావ అనాలా, ధ్యాస అనాలా?

చాలా ఏళ్ళ కిందట ఒక మాస్టారి సంస్మరణ సంచికకు ప్రూఫులు దిద్దే పని నాకు వచ్చింది. అందులో ఒకచోట "ఆయనకు పుస్తకాల యావ ఎక్కువ" అని నేనే మార్చాను. మెచ్చుకోలుగానే మార్చాను. సంచిక చేతికందిన మర్నాడు వాళ్ళ పెద్దమ్మాయి ఫోన్ చేశారు. "మా నాన్నగారికి తిండి యావ ఉన్నట్టు రాశారేంటండీ?" నాకు నోట మాట రాలేదు. ఆవిడన్నది నిజం. యావ అనేది తిండికీ, డబ్బుకీ, పదవికీ అంటుకుని తిరిగే మాట. తీసుకొచ్చి పుస్తకాల పక్కన కూర్చోబెట్టినా దాని పాత వాసన పోదు.

ఒక మనిషి మనసంతా ఒకదాని మీదే ఉందని రాయాల్సి వస్తే, అప్పటినుంచీ నేను ముందు ఒకటి చూస్తాను. ఆ మాట ఎవరి నోట వస్తోంది? "నాకు క్రికెట్ పిచ్చి" అని తన గురించి తను చెప్పుకుంటే అందులో కాస్త గొప్ప ఉంటుంది. "ఈయనకి క్రికెట్ పిచ్చండీ" అని భార్య అంటే విసుగు సగం, మురిపెం సగం. పక్కింటాయన అంటే వెటకారం. కాబట్టి పిచ్చి వాడేటప్పుడు మాట్లాడేది ఎవరో వాక్యంలో తెలిసేలా చూసుకోండి. యావ, కండూతి అలా కాదు, వాటిని ఎదుటివాళ్ళకు తగిలించడమే కానీ తమకున్నాయని ఎవరూ చెప్పుకోరు. కండూతి అంటే సంస్కృతంలో దురద. "కీర్తి కండూతి" అని రాశామంటే తిట్టినట్టే, కాకపోతే ఇస్త్రీ బట్టలేసుకున్న తిట్టు.

తర్వాత, ఎన్నాళ్ళ ముచ్చట అన్నది. పెళ్ళి పనుల్లో తలమునకలైన మనిషి పెళ్ళయ్యాక తేలతాడు. నిమగ్నం కూడా మునగడమే. ఇంగ్లీషులో "ఆబ్సెస్డ్" కనబడగానే చెయ్యి దానంతటదే నిమగ్నం అని రాసేస్తుంది, నేనూ బోలెడుసార్లు రాశాను. ఇరవై ఏళ్ళుగా వదలనిదానికి అది చాలదు. మోజు ఇంకా పలచన, కొత్తలో ఉండి తీరిపోతుంది. తపన అలా తీరేది కాదు. తపించడమంటే లోపల కాగిపోవడం, అదీ ఇంకా చేతికందని దానికోసం. పతకం మెడలో పడ్డాక కూడా ఆ పతకం కోసం తపన అని రాస్తే అతకదు.

మెచ్చుకోవాలో తిట్టాలో తేలనప్పుడు నాకు దిక్కు ధ్యాస. చదువు ధ్యాస, ఆట ధ్యాస, ఇంటి ధ్యాస. మనసు ఎటు తిరిగి ఉందో చెప్పి ఊరుకుంటుంది, తీర్పు చెప్పదు. వ్యసనం మాత్రం జాగ్రత్తగా వాడాలి. "సాహిత్య వ్యసనం" అని సరదాగా అనుకుంటాం కానీ, జూదం, మద్యం, వేట వగైరా కలిపి సప్తవ్యసనాలని పెద్దవాళ్ళు లెక్కగట్టిన మాట అది.

ఇన్ని ఉన్నా, మంచి వాక్యానికి చాలాసార్లు వీటిలో ఏదీ అక్కర్లేదు. మాట చివర "ఏ" అని ఒక్క అక్షరం చాలు. "అదే పనిగా చూస్తున్నాడు." "నిద్ర లేస్తే అదే, పడుకుంటే అదే." మాస్టారి సంచిక మళ్ళీ వేసినప్పుడు "ఆయనకు పుస్తకాలే లోకం" అని మార్చాను, పెద్దమ్మాయిగారు సరేనన్నారు. ఇంకా బలంగా చెప్పాలంటే ఆ మనిషి చేసే మామూలు పనుల్ని వరసగా పెట్టండి. పోతన ప్రహ్లాదుడి గురించి చెప్పింది ఇలాగే: నీళ్ళు తాగుతూ, తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ, నిద్రపోతూ, తిరుగుతూ కూడా నారాయణుడి పాదాలనే తలుచుకుంటూ ఈ లోకాన్ని మరిచాడని. మా నాన్నకు రేడియోలు బాగుచేసే అలవాటు ఉండేది. ఆయన గురించి రాయమంటే నేను పిచ్చి అనీ రాయను, తపన అనీ రాయను. అన్నం కంచం పక్కన స్క్రూలు వరసగా పెట్టుకుని, ఎడంచేత్తో రేడియో మూత పట్టుకుని తినేవారు అని రాస్తాను. అమ్మ ఒకసారి పచ్చడి అనుకుని టంకం వేసే పేస్టులో వేలు పెట్టబోయింది కూడా.

మాది తణుకు, అత్తగారిది కరీంనగర్ వైపు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఎవరి గురించో "బిడ్డ రంది పెట్టుకున్నది" అంటే కూతురంటే అంత ఇష్టం కాబోలు అనుకున్నాను. రంది అంటే ఇష్టం కాదు, దిగులు. లోపల తొలుస్తూ ఉండేది. కోస్తా చదువరుల కోసం రాసేటప్పుడు ఆ మాట తీసేయకండి, పక్క వాక్యంలో అర్థం తెలిసిపోయేలా రాయండి చాలు. దానికి సాటివచ్చే మాట మావైపు నాకు దొరకలేదు.

చివరగా ఒకటి. రోజుకు యాభైసార్లు చేతులు కడుక్కునే మనిషిని "శుభ్రం పిచ్చి" అనో, "చాదస్తం" అనో రాయకండి. ఛాందసం నుంచి వచ్చిన చాదస్తంలో మనిషికి తన పద్ధతి మీద నమ్మకం ఉంటుంది. ఓసీడీ అనే మానసిక సమస్య ఉన్నవాళ్ళకు ఆ పని ఇష్టమై చేసేది కాదు. వద్దనుకున్నా అదే ఆలోచన మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఆ టెన్షన్ తగ్గడానికి చేసిందే చేస్తారు. అక్కడ ఓసీడీ అనే రాసి, ఇప్పుడు నేను చెప్పినట్టు రెండు ముక్కల్లో విడమరిచి చెప్పండి.