సాఫ్ట్‌వేర్ టీమ్‌లో మీ టికెట్ (రాసిపెట్టిన పని) పక్క టీమ్ రివ్యూలో కదలట్లేదా? పక్క టీమ్‌ను తిట్టేముందు ఇది చూడండి

సమస్య: మీటింగ్‌లో అందరూ సరే అన్నారు, తెల్లారేసరికి మాట మారింది.

కారణం: తేల్చాల్సిన మనిషి ఆ మీటింగ్‌లో లేరు. ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందు చేయాలో తేల్చే మనిషి) అంటే ఒక్కరే, కమిటీ కాదని స్క్రమ్ అనే టీమ్ పని పద్ధతికి మూలమైన 2020 స్క్రమ్ గైడ్ చెబుతుంది. కానీ చాలాచోట్ల హోదా హైదరాబాద్‌లో ఒకరికి, అధికారం కాలిఫోర్నియాలో ఇంకొకరికి ఉంటుంది. మనం పడుకున్నాక అక్కడ చర్చ మళ్లీ మొదలవుతుంది.

పరిష్కారం: కాల్ అయిన గంటలోపు నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి: ఏం తేలింది, ఎవరు తేల్చారు, ఎప్పటికి, అభ్యంతరాలకు గడువు ఎంత. అసలు అధికారం ఉన్నవాళ్లను ‘టు’లో పెట్టాలి, ‘సీసీ’లో పెడితే చదవరు.

సమస్య: ప్లాట్‌ఫాం టీమ్ (సర్వీస్ ఆగకుండా నడిపే టీమ్) మీ మార్పును రోజుల తరబడి నానుస్తోంది. ఒక కొర్రీ తీరిస్తే ఇంకోటి వేస్తోంది.

అందరూ ఇక్కడే బోల్తా పడతారు. ‘ఆ లీడ్‌కి మనమంటే పడదు’ అనేసుకుని, మేనేజర్ దగ్గరికి పంచాయితీకి వెళ్తారు. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఐదు నిమిషాలది: ఆ టీమ్ క్వార్టర్ గోల్స్ షీట్ తెరిచి చూడటం. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ తెరవరు!

అందులో తరచుగా కనిపించే లైను ‘సర్వీస్ లభ్యత 99.9 శాతం’. అంటే 30 రోజుల్లో సర్వీస్ ఆగిపోవడానికి ఉన్న వెసులుబాటు దాదాపు 43 నిమిషాలు. మీ గత రిలీజ్ అందులో 30 నిమిషాలు తినేసి ఉంటే ఆ లీడ్ చేతిలో మిగిలింది 13. మీకేమో అప్రైజల్‌లో రిలీజ్ తేదీకి మార్కులు. సర్వీస్ పడితే మీకు పోయేదేం లేదు, అర్ధరాత్రి లేచేది వాళ్లు, రేటింగ్ తగ్గేదీ వాళ్లకే. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా కొర్రీలే వేస్తారు. అందుకే లీడ్ మారినా గొడవ మారదు.

క్వార్టర్ మధ్యలో ఉంటే రిస్క్‌లో మీ వాటా రాసివ్వండి. మార్పును ఫీచర్ ఫ్లాగ్ (ఆన్, ఆఫ్ చేయగలిగే స్విచ్) వెనక పెట్టి, ముందు 5 శాతం యూజర్లకే తెరవండి. వెనక్కి తీసే స్టెప్స్ టికెట్‌లోనే రాసి, స్టేజింగ్‌లో (లైవ్‌కి ముందు పరీక్షించే చోట) ఒకసారి నడిపి చూపించండి. మొదటి వారం ఆన్‌కాల్‌లో (సర్వీస్ ఆగితే ఏ వేళకైనా లేచి చూసే డ్యూటీలో) మీ టీమ్ నుంచి ఒకరి పేరు ఇవ్వండి. ఈ రిలీజ్ వల్ల సర్వీస్ పడితే ఆ నిమిషాలు మీ ఖాతాలో రాయమని ఇద్దరు మేనేజర్లకూ మెయిల్ పెట్టండి. కొర్రీలు తగ్గడానికి ఎక్కువగా పనిచేసేది ఈ మెయిలే.

క్వార్టర్ మొదట్లో ఉంటే ఒకే లైను రెండు టీమ్‌ల షీట్లలోనూ పెట్టించండి: ‘పేమెంట్ పేజీ 20వ తేదీలోపు లైవ్, ఆ నెలంతా లభ్యత 99.9కి తగ్గకూడదు.’ ఇది ఇద్దరికీ పైనున్న ఉమ్మడి బాస్ చేతే చేయించాలి. గోల్స్ లాక్ అయ్యాక అడిగితే ‘వచ్చే క్వార్టర్ చూద్దాం’ అంటారు.

డెమోలో మీ పనికి పక్కవాళ్ల పేరు పడుతోందా? టికెట్ ఎవరి పేరు మీదుందో చూడండి, డెమో మీరే ఇవ్వండి. అంతకుమించి లాగొద్దు.

కావాలని కాళ్లడ్డం పెట్టేవాళ్లు లేరని కాదు, అరుదు. షీట్‌లో గోల్స్ కలిసినా, రిస్క్ పంచుకున్నా రివ్యూ కదలకపోతేనే ఆ అనుమానం పెట్టుకోండి. అప్పుడైనా కొర్రీల జాబితా తేదీలతో సహా తీసుకుని, ముందు ఆ లీడ్ దగ్గరికే వెళ్లండి.