కురుసుర చూడ్డానికి వెళ్తున్నారా? సోమవారం మాత్రం వద్దు

విశాఖ ఆర్‌కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకి ఓ మాట. సోమవారం సెలవు. ఆదివారం సాయంత్రం వెళ్తే వెనకాల వాళ్లు తోసుకొస్తుంటారు, ఏదీ ఆగి చూడలేం, కాబట్టి మామూలు రోజు తెరిచిన వెంటనే దూరిపోండి. బ్యాక్‌ప్యాక్‌లు వద్దు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతలోంచి కాలు ముందు పెట్టి, నడుం వంచి దూరాలి. నేను మొదటిసారి తల ముందు పెట్టాను, బొప్పి కట్టింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బయట గాలికి కూర్చోబెట్టడమే మేలు.

లోపల గైడ్లు చాలామంది నేవీలో చేసి రిటైరైనవాళ్లే. ఊరికే ఫొటోలు దిగకుండా, "నీళ్లలో ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్ ఎలా నడిపేవారండీ?" అని అడగండి. నీటి అడుగున బ్యాటరీలే దిక్కు, వాటిని ఛార్జ్ చేయాలంటే పైకి రావాలి, లేదా గాలి పీల్చే గొట్టమైనా పైకి పెట్టాలి అని మా గైడ్ చెప్తుంటే మావాడు నోరు తెరుచుకుని విన్నాడు.

ఓపికుంటే రోడ్డుకి అవతల నేవీ పాత నిఘా విమానం టీయూ-142 కూడా చూసేయండి. ఒక్కో ఇంజన్‌కి రెండేసి ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు.